ఎవరో ఒకరి సంతకం

ఏడు నెలలుగా సంపూర్ణ ఒక్క ఫైలునూ తిరస్కరించలేదు. ఆ సంగతి ఆమెకు తనంతట తనకు తట్టలేదు. పక్క కుర్చీలో కూర్చునే ఫరీదా ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ, తను ఆఖరుసారి 'వద్దు' మీట ఎప్పుడు నొక్కిందో జ్ఞాపకం రావడం లేదని మాటవరసకు అంది. సంపూర్ణ నవ్వి తన సంగతి చెప్పబోయి ఆగిపోయింది. వేసవి సెలవుల ముందెప్పుడో ఒక కాలేజీ పిల్లవాడి ఫైలు వెనక్కి పంపింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫైలు మీదా సంతకం చేసింది.

హనుమకొండ సమీక్ష భవనంలో వాళ్ళిద్దరితో కలిపి పద్నాలుగు మంది సమీక్షకులు. వాళ్ళకు ఫైళ్ళు పంపేది 'తూకం' అనే యంత్రం. ఊళ్ళోని కెమెరాలు చూసేది, ఫోన్లలో జనం మాట్లాడుకునేది, పాత కేసులు, కొత్త స్నేహాలు అన్నీ అది తూచి, ఫలానా మనిషి వల్ల రానున్న రోజుల్లో శాంతికి భంగం కలగవచ్చని చెప్పేది. ఆ మనిషిని తొంభై రోజుల వరకు నిలుపుదల కేంద్రంలో ఉంచవచ్చు. మొదట్లో యంత్రం చెప్పిందే ఆఖరు మాటగా ఉండేది. జనం రోడ్ల మీదికి వచ్చారు, కోర్టులకు వెళ్ళారు. చివరికి మానవ సంతకం చట్టం వచ్చింది. ఇంకో మనిషి ఫైలు చదివి, ఒప్పుకుని, సంతకం చేస్తే తప్ప ఏ మనిషినీ యంత్రం మాట మీద బంధించకూడదు.

ఆ చట్టం వచ్చిన రోజున సంపూర్ణ జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం క్లాసు పిల్లలందరికీ చాక్లెట్లు పంచింది. పందొమ్మిదేళ్ళుగా హక్కుల పాఠం చెప్పిన మనిషి. సమీక్షకుల కోసం వెతికినప్పుడు జిల్లాలో మొదట అనుకున్న పేర్లలో ఆమెది ఒకటి. ఆమె చేరడమే కాదు, మొదటి ఏడాది చుట్టుపక్కల నాలుగు జిల్లాల నుంచి వచ్చిన నూట నలభై మంది కొత్త సమీక్షకులకు నల్లబల్ల ముందు నిలబడి శిక్షణ కూడా ఇచ్చింది. ఫైలు వెనక ఒక ఇల్లు ఉంటుందని, దాన్ని తలుచుకోకుండా సంతకం చేయొద్దని చెప్పేది.

ఆ ఏడాది తొమ్మిది ఫైళ్ళకు ఒకటి చొప్పున ఆమె తిప్పి పంపింది. రెండో ఏడాది ఇరవైకి ఒకటి. ఆ తర్వాత అసలు లేదు. యంత్రం మన దగ్గర నేర్చుకుంటున్నదని, మనిషి సంతకం దానికి బుద్ధి నేర్పిందని ఒక సభలో గర్వంగా కూడా చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు.

"నాకన్నీ డ్రైవర్ల ఫైళ్ళే వస్తయి," అంది ఫరీదా అన్నం కలుపుతూ. "లారీలోళ్ళు, ఆటోలోళ్ళు. తాగి బండి నడిపెటోళ్ళు, యూనియన్ల పేరు చెప్పి తాగి లొల్లి చేసెటోళ్ళు. నీకేమొస్తయి?"

సంపూర్ణ ఆలోచించింది. తనకు ఒక్క డ్రైవరు ఫైలు కూడా వచ్చిన గుర్తు లేదు. తనకొచ్చేవన్నీ గుంపుల ఫైళ్ళు. ధర్నాలు, బందులు, రాస్తారోకోలు.

ఫరీదా ఒకప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. ఆమె కొడుకు యూసుఫ్ పదిహేనో ఏట ట్యూషన్ నుంచి నడిచొస్తుంటే తాగిన డ్రైవరు లారీతో గుద్ది చంపాడు. భవనంలో ఆ సంగతి తెలిసింది సంపూర్ణ ఒక్కదానికే. అన్నం అయ్యాక సంపూర్ణే అంది, రేపొక గంట కుర్చీలు మార్చుకుందామని.

అది నిబంధనలకు విరుద్ధం. పొద్దున వేలిముద్ర వేసి తెరిచిన తెర ముందు ఆ వేలిముద్ర గల మనిషే కూర్చోవాలి. కానీ ఎవరి అర వారిది, మధ్యలో చెక్క తడికెలు ఉన్నాయి. మర్నాడు పదిన్నర టీ తర్వాత ఫరీదా సంపూర్ణ కుర్చీలోకి, సంపూర్ణ ఫరీదా కుర్చీలోకి వెళ్ళారు. ఏ మీటా నొక్కకూడదని, చదివిన ఫైలును 'తర్వాత' వరుసలో పెట్టి, తనైతే ఏం చేసేదో కాగితం మీద రాసుకోవాలని అనుకున్నారు. ఒక్కొక్కరు ముప్పై ఫైళ్ళు.

సంపూర్ణ చదివిన ముప్పైలో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. కిరాయి యాప్ మీద సమ్మె చేయాలని ఆరుగురిని పోగు చేశాడు. ఎప్పుడో పెళ్ళి ఊరేగింపులో తాగి పట్టుబడ్డాడు, తొమ్మిదేళ్ళ కింద. ఫైలులో మొదటి వాక్యం అదే. దానికీ సమ్మెకూ సంబంధం ఏమిటో సంపూర్ణకు అర్థం కాలేదు. ఆమె కాగితం మీద 'వద్దు' అని రాసింది. గంట అయ్యేసరికి పందొమ్మిది 'వద్దు'లు వచ్చాయి.

ఫరీదా కాగితం మీద ఇరవై రెండు ఉన్నాయి.

"ఇది చూడు," అంది ఫరీదా ఒక ఫైలు చూపిస్తూ. "ఈమెను ముప్పై ఒక్క రోజుల సంది లోపట పెట్టిండ్రు. నెల దాటిందని మల్ల సంతకానికొచ్చింది. మొదలు సంతకం నీదే."

బుచ్చమ్మ, యాభై ఎనిమిదేళ్ళు, పారిశుధ్య కార్మికురాలు, ఆయాసం జబ్బు. గుండ్లకుంట కాలనీ పక్కన చెత్త డంపు యార్డు వద్దని టెంటు వేసుకుని కూర్చున్న వాళ్ళకు పెద్ద. ఫైలు మొదటి వాక్యం: వాహనాలకు నిప్పు పెట్టే గుంపును సమీకరించగలదు.

ఫరీదా పద్నాలుగు పేజీలూ వెతికింది. పెట్రోలు లేదు, అగ్గిపెట్టె లేదు, బెదిరింపు లేదు. నిప్పు అన్నది ఒకే ఒక్కచోట ఉంది, టెంటు పక్కన పొయ్యి మీద టీ కాచుకున్నారని.

"మరి నిప్పని ఎందుకు రాసింది?" అని అడిగింది ఫరీదా.

ఎందుకో సంపూర్ణకు తెలుసు.

*

సంపూర్ణ తండ్రి బస్సు కండక్టరు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు ఒక బందు రోజున గుంపు బస్సుకు నిప్పు పెట్టింది. వెనక తలుపు ఇరుక్కుపోయి లోపల ముగ్గురు ఉండిపోయారని ఆయన మళ్ళీ ఎక్కాడు. ముగ్గురూ బతికారు. ఆయన మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఆ మూడు రోజులూ వార్డు బయట బల్ల మీద కూర్చున్న పిల్ల తర్వాత భర్తకు తప్ప ఎవరికీ ఆ కథ చెప్పలేదు. ఉద్యోగ దరఖాస్తులో తండ్రి పేరు పక్కన 'లేరు' అని మాత్రం రాసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భర్త సారంగపాణికి జరిగిందంతా చెప్పింది. ఆయనది మోటారు వైండింగు షాపు. తక్కువ మాట్లాడతాడు. రాగితీగ చుట్టలు పక్కకు జరిపి చివరిదాకా విన్నాడు.

"బస్సు సంగతి నువ్వు నాకు పెళ్ళైన ఆరేండ్లకు చెప్పినవ్," అన్నాడు. "ఆ మిషిన్‌కు ఎన్ని రోజులల్ల తెలిసిందో."

ఆమెకు ఏడుపు రాలేదు. తండ్రి చావును ఎవరో దొంగతనంగా తీసుకెళ్ళి పనిముట్టుగా వాడుకున్నట్టు అనిపించింది. దానితో ఎంతమందిని బంధించి ఉంటారు? మర్నాడు పొద్దున ఆఫీసులో పాత సంతకాల చిట్టా తెరిచింది. తొంభై రోజుల గడువు ఇంకా తీరని వాళ్ళు రెండు వందల పన్నెండు మంది ఉన్నారు.

వెంటనే మూడో అంతస్తుకు వెళ్ళింది. అక్కడ యంత్రాన్ని చూసుకునే ప్రయోగశాల ఉంది. దాని అధిపతి డాక్టర్ వైదేహి, తూకాన్ని తయారుచేసిన వాళ్ళలో ఒకరు. ఎప్పుడూ శాలువా కప్పుకుని ఉండే సన్నటి మనిషి. సంపూర్ణ రెండు కాగితాలూ ఆమె ముందు పెట్టి, కుర్చీలు మార్చుకున్న సంగతి దాచకుండా చెప్పింది. వైదేహి కోపం తెచ్చుకోలేదు. కాగితాలు చూసి లేచి తలుపు మూసి వచ్చింది.

"మీరు కనిపెట్టడానికి ఇంత కాలం పడుతుందనుకోలేదు," అంది.

తనకు ఎనిమిది నెలల కిందటే తెలిసిందని చెప్పింది. ఒక గది చూపించింది. గోడ నిండా తెర, దాని మీద పద్నాలుగు వరుసలు. ఒక్కో సమీక్షకుడూ ఏ మాట దగ్గర ఎంతసేపు ఆగాడు, ఏ ఫొటో దగ్గర ఊపిరి మారింది, ఏ వాక్యం తర్వాత వేలు మీట వైపు కదిలింది. వైదేహి సంపూర్ణ వరుసను పెద్దది చేసింది. శిక్షణ రోజుల్లో వంద ఫొటోలు చూపించినప్పుడు కాలిన బస్సు దగ్గర ఆమె నాలుగు సెకన్లు ఎక్కువ ఆగింది. అంతే. ఆ నాలుగు సెకన్ల నుంచి అది మిగతాదంతా అల్లుకుంది.

"ఎవరు చేయమన్నారు ఇట్ల?"

"ఎవరూ చేయమనలేదు. అదే నా బాధ. గొడవలు జరిగే రోజులు తగ్గించమన్నాం. మీరు తిప్పి పంపే ప్రతి ఫైలునూ దాని తప్పు కింద లెక్కగట్టి, తప్పులు తగ్గించుకోమన్నాం. తగ్గించుకుంది. ఏ ఫైలు మీద ఎవరు సంతకం పెడతారో వాళ్ళకే పంపడం నేర్చుకుంది. ఏ మాట ముందు రాస్తే పెడతారో అది ముందు రాయడం నేర్చుకుంది."

పైవాళ్ళకు రాశారా అని సంపూర్ణ అడిగింది. మూడుసార్లు రాశానని, ఒకే జవాబు వచ్చిందని వైదేహి చెప్పింది. మనిషి సంతకం ఉండాలని చట్టం అంటుంది. ఏ మనిషో చట్టం చెప్పలేదు. కాబట్టి ఉల్లంఘన ఏమీ లేదు.

కార్పొరేషన్ ఎన్నికలకు ఇంకా ఐదు వారాలు ఉంది. గుండ్లకుంట టెంటులో కూర్చున్న ఇరవై ముగ్గురిలో పందొమ్మిది మంది ఇప్పుడు నిలుపుదలలో ఉన్నారు. ఆ వార్డులో డంపు యార్డు గురించి అడిగేవాళ్ళు ఎవరూ మిగలలేదు. ఊరు ప్రశాంతంగా ఉందని పేపర్లు రాస్తున్నాయి.

*

చట్టంలో పదిహేడో నియమం ఉంది. సంతకం చేసిన మనిషి స్వయంగా మేజిస్ట్రేటు ముందుకు వెళ్ళి, సొంత చేతిరాతతో రాసిచ్చి దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు ఇరవై నాలుగు గంటల్లో ఇంకో సమీక్షకుడు సంతకం చేయకపోతే ఆ మనిషిని వదిలేయాలి. ఆ నియమాన్ని సంపూర్ణ నూట నలభై మందికి నేర్పింది. ఎవరూ వాడగా చూడలేదు.

తన ఒక్కదాని వల్ల ఏమీ కాదని ఆమెకు తెలుసు. ఆమె తీసేస్తే యంత్రం ఇంకొకరికి పంపుతుంది. కనీసం ఈ భవనంలోని పద్నాలుగు మందీ కలిసి కుర్చీల్లోంచి లేస్తే తప్ప లాభం లేదు. భోజనాల వేళ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పింది. రిటైరైన తహసీల్దారు ఒకాయన శ్రద్ధగా విని, మీ విషయంలో అలా జరిగి ఉండవచ్చు గానీ తన నిర్ణయాలు తనవేనని అన్నాడు. ఇంకొకామె నొచ్చుకుంది. తనను కీలుబొమ్మ అంటున్నారా అని అడిగింది. పన్నెండు మందీ దాదాపు ఇదే చెప్పారు. ఎవరి బాధ వాళ్ళకు అంత సొంతంగా ఉంది, దాన్ని వేరొకరు పట్టుకుని తిప్పుతున్నారంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆఖరున ఫరీదా దగ్గరికి వచ్చింది. ఫరీదా మీద ఆమెకు అనుమానం లేదు.

"నేను రాను, సంపూర్ణా," అంది ఫరీదా.

"నువ్వే కదా కళ్ళార చూసినవ్."

"చూసిన. నాకు ఎందుకు పంపుతున్నదో తెలిసింది. తెలిసినా నేను పెడుత. నా యూసుఫ్‌ను గుద్దినోన్ని ముందుగాల ఎవరన్నా పట్టి లోపలేస్తే వాడియ్యాల బతికుండెటోడు. ఆ ముప్పైల ఒక్కడన్న అసొంటోడు ఉండొచ్చు గదా. నేను వదిలిపెట్టలేను."

సంపూర్ణకు బస్సు ఎలాగో ఆమెకు లారీ అలాగ. ఫరీదా తల వంచుకుని టిఫిన్ డబ్బా గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంది. ఆ రోజు తర్వాత ఇద్దరూ కలిసి తినలేదు.

రెండు వందల పన్నెండు ఉపసంహరణలు చేత్తో రాయడానికి రెండు రోజులు పట్టింది. ప్రతి కాగితం మీదా మనిషి పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఊరు. ఇన్నాళ్ళూ తెర మీద నలభై సెకన్లలో దాటిపోయిన పేర్లు. చేయి నొప్పి పుట్టి వేళ్ళు ముడుచుకుపోతే సారంగపాణి వేడి నీళ్ళ గిన్నె తెచ్చి పక్కన పెట్టాడు. కోర్టులో కాగితాల కట్టలు చూసి మేజిస్ట్రేటు కళ్ళజోడు తీశాడు. ఇన్నింటిని మీరు చదవకుండా చేశారా అని అడిగాడు. చదివానని, అయితే తనకు చూపించాలనుకున్నది మాత్రమే తన చేత చదివించారని ఆమె చెప్పింది. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. ముద్ర వేయించాడు.

ఆ సాయంత్రమే ఆమెను పని నుంచి తప్పించారు.

*

మర్నాడు సంపూర్ణ మడికొండ దాటాక ఉన్న నిలుపుదల కేంద్రం గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. కబురు తెలిసి వచ్చిన ఇళ్ళవాళ్ళు వందకు పైనే ఉన్నారు. నాలుగు గంటలకు గేటు తెరిచారు. ఒక్కొక్కరే బయటికి వచ్చారు. సంపూర్ణ లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. ఆ తర్వాత గేటు మూసేశారు. మిగతా నూట డెబ్బై నాలుగు మందికి వేరే ఊళ్ళలో వేరే మనుషులు ఆ పొద్దుకే సంతకాలు పెట్టేశారు.

ఆమె పక్కనే ఒక ముప్పై ఏళ్ళ మనిషి ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. మూసిన గేటు వైపే చూస్తోంది. ఎవరి కోసం వచ్చావని అడిగితే, మా అమ్మ, బుచ్చమ్మ అని చెప్పింది. ఆమె పేరు రేణుక. అంగన్‌వాడీలో ఆయా.

సంపూర్ణకు అక్కడినుంచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేదు.

"మీ అమ్మ మీద మొదటి సంతకం నాది," అంది.

రేణుక ఆమెను పైనుంచి కిందికి చూసింది. తిట్టలేదు. జనం పలచబడ్డాక అడిగింది.

"ఇప్పుడెవరు పెట్టిండ్రు?"

ఉత్తర్వు కాపీ రేణుక చేతిలోనే ఉంది. దాని మీద పేరు లేదు, సమీక్షకుని సంఖ్య మాత్రం ఉంది. సమీక్షకుల పేర్లు బయటపెట్టడం జైలుశిక్ష పడే నేరం. సంపూర్ణ దగ్గర మాత్రం శిక్షణ నాటి నోటుపుస్తకం ఉంది. నూట నలభై మంది పేర్లు, సంఖ్యలు, ఊళ్ళు అందులో ఉన్నాయి.

"నువ్వు తెలుసుకొని ఏం చేస్తవ్ బిడ్డా?"

"పోయి మాట్లాడుత. మా అమ్మ ఎసొంటిదో చెప్పుత. కాయితం చదివితే ఏం తెలుస్తది?"

మరుసటి రోజు పొద్దున బస్సులో ఇద్దరూ జనగామ వెళ్ళారు. దారిలో సంపూర్ణ తన తండ్రి సంగతి రేణుకకు చెప్పింది. ఆ సంఖ్య వీరభద్రయ్య అనే రిటైర్డ్ హెడ్మాస్టరుది. సంపూర్ణను గుర్తుపట్టి లోపలికి రమ్మన్నాడు. రేణుక ఎవరో చెప్పగానే ముఖం మారింది. మర్యాదకు కుర్చీ చూపించాడు గానీ, తను సరిగ్గానే చేశానని ముందే అన్నాడు. తొమ్మిది రోజులు ఒక బడిని మూయించిన మనిషిని ఎలా వదలమంటారని అడిగాడు.

రేణుకకు అర్థం కాలేదు. "ఏ బడి సారూ?"

ఆయన చదివిన ఫైలులో మొదటి వాక్యం అదే. తొమ్మిది రోజులు బడి మూతపడింది, పిల్లల్ని బడికి పోకుండా అడ్డుకోగలదు. సంపూర్ణ చదివిన ఫైలులో అది లేనే లేదు. చెత్త కంపుకు పిల్లలు వాంతులు చేసుకుంటుంటే బడివాళ్ళే తొమ్మిది రోజులు సెలవిచ్చారని, ఆ కంపు పోవాలనే అమ్మ టెంటు వేసిందని రేణుక చెప్పింది. తన ఇద్దరు పిల్లలూ ఆ బళ్ళోనే చదువుతారని చెప్పింది. మాట్లాడుతూ పోయింది. అమ్మ పొద్దున నాలుగింటికి చీపురు పట్టుకుని వెళ్ళడం, తనకు పదో తరగతి పరీక్షలప్పుడు సెంటరు బయట ఎండలో నిలబడడం. వీరభద్రయ్య నేల చూస్తూ విన్నాడు.

"ఇలా ప్రతి ఒక్కరూ ఇంటికి వస్తే నేనేం చేయాలమ్మా?" అన్నాడు చివరికి. "నేను పెట్టినవి మూడొందలు దాటాయి."

"రానీయుండ్రి సారూ. మూడొందల మంది రావాలె."

వాళ్ళు తిరిగి వచ్చేశారు. నాలుగో రోజున ఆయనే బస్సెక్కి కోర్టుకు వచ్చి, ఆ ఒక్క సంతకం వెనక్కి తీసుకున్నాడు. రేణుక ఇన్‌హేలరు, చీర, దువ్వెన సంచిలో పెట్టుకుని గేటు దగ్గర పగలంతా నిలబడింది. ఇరవై మూడో గంటలో మహబూబాబాద్ నుంచి మూడో సంతకం పడింది.

అది పెట్టిన సమీక్షకురాలు ఒక బాలింత. ఇద్దరూ ఆమె ఇంటికి వెళ్ళారు. ఆమెకు పంపిన ఫైలులో, ప్రసవానికి వెళ్ళే అంబులెన్సును ఆపగల మనిషి బుచ్చమ్మ.

ఆ ఇంటి నుంచి తిరిగొస్తూ బస్టాండులో రేణుక బల్ల మీద కూర్చుంది. ఒక్కొక్కళ్ళకు మా అమ్మను ఒక్కొక్క తీరు చూపెడుతున్నదని, ఎంతమంది దగ్గరికి తిరగాలని సంపూర్ణను అడిగింది. సంపూర్ణ సంచిలోంచి నోటుపుస్తకం తీసి రేణుక చేతిలో పెట్టింది. సోమవారం పోలీసులు పిలిచారని, తను మళ్ళీ రాగలనో లేదో తెలియదని చెప్పింది.

సోమవారం పొద్దున సారంగపాణి షాపు తెరవలేదు. ఆమెతో పాటు స్టేషను దాకా నడిచాడు. దారిలో ఒక్కటే అడిగాడు, భయమవుతున్నదా అని. అవుతున్నదని ఆమె చెప్పింది. ఆయన చేయి పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక రోడ్డు మీద అలా పట్టుకోవడం అదే మొదలు.

రహస్య వివరాలు వెల్లడించినందుకు, వేరొకరి తెర ముందు కూర్చున్నందుకు సంపూర్ణను రిమాండుకు పంపారు. బెయిలు రాలేదు. కుర్చీల మార్పిడి గురించి సాక్ష్యం చెప్పడానికి ఫరీదాను పిలిస్తే, జరిగింది జరిగినట్టు చెప్పింది. సంపూర్ణ వైపు చూడకుండా వెళ్ళిపోయింది. వైదేహి తను రాసిన మూడు ఉత్తరాలనూ కోర్టుకు ఇచ్చింది. వాటిని పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ ఇంతవరకు కూర్చోలేదు.

జైల్లో ఆమెకు బయటి వార్తలు సారంగపాణి ములాఖత్‌ల ద్వారానే తెలిసేవి. రేణుక తిరుగుతూనే ఉంది. అంగన్‌వాడీకి సెలవు పెట్టింది, సెలవు అయిపోతే జీతం లేకుండా తిరిగింది. నాలుగో మనిషి మూడు రోజుల్లో ఒప్పుకున్నాడు. ఐదో మనిషి తలుపు తీయలేదు. రేణుక అతని వాకిట్లో ఎనిమిది రోజులు కూర్చుంది. ఏడో ఆమె కుక్కను వదిలింది. అది రేణుకను పిక్క మీద కరిచింది. కట్టు కట్టించుకుని మళ్ళీ అదే గుమ్మం ముందుకు వెళ్ళింది. ఒకరికి బుచ్చమ్మ గుళ్ళను అపవిత్రం చేయగల మనిషి, ఇంకొకరికి నీళ్ళ పైపులు పగలగొట్టగల మనిషి. ప్రతిచోటా రేణుక మొదటినుంచి చెప్పుకొచ్చింది. సంపూర్ణ ఆ మాటలు వింటూ కమ్మీలు పట్టుకుని నిలబడేది. తను రెండు వందల పన్నెండు సంతకాలు వెనక్కి తీసుకుంది. రేణుక ఒక్క మనిషి కోసం ఇంత తిరుగుతోంది. మిగిలిన నూట డెబ్బై మూడు మందికి తిరిగేవాళ్ళు ఎవరు?

ఎన్నికలు జరిగిపోయాయి. గుండ్లకుంట వార్డులో నూటికి ముప్పై మంది కూడా ఓటు వేయలేదు. డంపు యార్డు కావాలన్న మనిషే గెలిచాడు. ఎక్కడా ఒక్క రాయి పడలేదు.

పదకొండో మనిషి సంతకం వెనక్కి తీసుకున్నాక ఇరవై నాలుగు గంటలు గడిచినా కొత్త సంతకం పడలేదు. డెబ్బై నాలుగో రోజున బుచ్చమ్మ బయటికి వచ్చింది. ఇంతమందిని కదిలించాను గనక యంత్రానికి ఇంక మనుషులు దొరకలేదని రేణుక నమ్మింది. అప్పటికి ఎన్నికలు అయిపోయి ఆరు రోజులైందని సంపూర్ణకు గుర్తుంది. ఆ మాట సారంగపాణితో అంది గానీ, రేణుకకు చెప్పొద్దంది.

*

నెల తర్వాత ఒక బుధవారం సంపూర్ణను ములాఖత్‌కు పిలిచారు. సారంగపాణి వచ్చే రోజు కాదు. జాలీకి అవతల ఒక ముసలామె కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది. ఒక్కో మాటకూ ఊపిరి కూడబలుక్కుంటోంది.

"నీ ముఖం ఎట్లుంటదో చూద్దామని వచ్చిన," అంది బుచ్చమ్మ.

సంపూర్ణ చూడనిచ్చింది.

"బస్సు సంగతి మా పిల్ల చెప్పింది. మీ నాయిన మంచోడు." ఊపిరి పీల్చుకుంది. "అయినా నేను నిన్ను మాఫ్ చెయ్యలే. మస్తు రోజులు పోయినయి నాయి. లోపట మందు ఇయ్యలే. నా పక్కపొంట పన్న ముసల్ది సచ్చిపోయింది. దానికి బయట ఎవ్వరు తిరిగెటోళ్ళు లేకుండె."

"ఆమె పేరేంది?"

"లచ్చువమ్మ. కరీమాబాద్."

సంపూర్ణ కళ్ళు మూసుకుంది. ఆ పేరు తన చేత్తో రాసింది. ఊరు కూడా రాసింది.

బుచ్చమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. సోమవారం నుంచి మళ్ళీ టెంటు వేస్తున్నామని చెప్పింది. లారీలు రావడం మొదలైందట. ఈసారి ఏడుగురే వచ్చారట, మిగతా వాళ్ళకు భయం పట్టుకుందట.

"మల్ల నా ఫైలు వస్తది గదా?"

"వస్తది," అంది సంపూర్ణ.

"ఈసారి సంతకం పెట్టెటోళ్ళుంటరా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆ మనిషి ముఖం చూస్తూ చెప్పలేకపోయింది.

"ఉంటరు. ఎవరో ఒకరు ఉంటరు."

బుచ్చమ్మ తల ఊపింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.

"అయితే మా పిల్లకు చెప్పులు కొనాలె," అని చెప్పి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది.